పదిహేనేళ్లకే తేల్చెయ్యాలా?

పదిహేనేళ్ల పిల్లల్ని పెద్దవాళ్లు పలకరించే తీరు ఎక్కడైనా దాదాపు ఒకటే. ఎంత ఎదిగిపోయావని ఒక మాట, చదువు ఎలా సాగుతోందని ఒక మాట, ఆ వెంటనే ‘ఏమవుదామనుకుంటున్నావ్?’ అని ప్రశ్న. ‘డాక్టర్’ అని ఠక్కున చెప్పిన అమ్మాయికి శభాష్‌లు. ‘ఇంకా ఏమీ అనుకోలేదండీ’ అన్న అబ్బాయికి చిన్న ఉపన్యాసం. స్పష్టత ఉన్నవాళ్లు బాగుపడతారు, లేనివాళ్లు వెనకబడతారు అన్న లెక్క ఇంట్లోనూ బడిలోనూ పాతుకుపోయింది. ఆ లెక్క అంత సరైనదేమీ కాదు.

అమెరికన్ మనస్తత్వవేత్త జేమ్స్ మార్సియా 1966లో కాలేజీ కుర్రాళ్లను ఇంటర్వ్యూ చేసి, వృత్తి గురించి, నమ్మకాల గురించి రెండు సంగతులు ఆరా తీశాడు. ఒకటి, నాలుగు దారులూ చూసి ఆలోచించారా? రెండు, ఏదో ఒకదానికి కట్టుబడ్డారా? ఈ రెండిటిని బట్టి నాలుగు స్థితులు తేలాయి. వాటిలో మనం పట్టించుకోవాల్సింది, ఏమీ వెతక్కుండానే కట్టుబడిపోయిన స్థితి. అమ్మానాన్నలు చెప్పిందో, చుట్టూ అందరూ గొప్పగా చెప్పుకునేదో తన సొంత నిర్ణయమనుకుని పట్టుకున్న పిల్లలు వీళ్లు. బయటికి ఎంతో నిలకడగా కనిపిస్తారు. కానీ తమ గురించి ప్రతికూలమైన మాట ఎదురైతే వీళ్ల ఆత్మవిశ్వాసం ఆలోచించి కట్టుబడ్డవాళ్లకంటే తేలిగ్గా చెదిరిందని మార్సియా గమనించాడు. ఇంకా వెతుకుతూ, తేల్చుకోలేక సతమతమయ్యే పిల్లలు చూసేవాళ్లకు కంగారు పుట్టిస్తారు గానీ, ఆలోచించి తీసుకునే నిర్ణయానికి అది మామూలుగా వచ్చే మజిలీయే. మనం శభాష్ అనేది మొదటివాళ్లను, క్లాసు పీకేది రెండోవాళ్లకు.

అసలు పిల్లలకు స్పష్టత లేదన్న మాటే అనుమానించదగ్గది. పలు దేశాల్లో ఒకేసారి జరిగే పీసా పరీక్షల్లో 2018లో పదిహేనేళ్ల విద్యార్థులను ‘ముప్ఫై ఏళ్లకు ఏ ఉద్యోగంలో ఉంటామనుకుంటున్నారు?’ అని అడిగారు. ఆ జవాబులను విశ్లేషించి వాటిని నిర్వహించే ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ (ఓఈసీడీ) 2020లో నివేదిక ఇచ్చింది. 41 దేశాల్లో అమ్మాయిల్లో 53 శాతం, అబ్బాయిల్లో 47 శాతం కేవలం పదేసి ఉద్యోగాల్లో ఏదో ఒకటి చెప్పారు. డాక్టర్లు, టీచర్లు, మేనేజర్లు, లాయర్లు, పోలీసులు రెండు జాబితాల్లోనూ ఉన్నారు. 2000 నుంచి ఈ గుంపు ఇంకా పెరిగిందే తప్ప తగ్గలేదు. ఇంటర్నెట్ వచ్చి ప్రపంచమంతా అరచేతిలోకి వచ్చిందని మనం చెప్పుకునే కాలం ఇది! అంతర్జాతీయ కార్మిక సంస్థ వృత్తుల వర్గీకరణ తెరిచి చూస్తే అందులో 436 మూల సమూహాలున్నాయి. ఒక్కో సమూహం కింద మళ్లీ బోలెడు పనులు. పిల్లలకు కొరవడింది చూపు మేర. ఎంచుకోవడానికి ముందు పెట్టిన జాబితాయే చిన్నది.

ఆ జాబితా ఎందుకు కుదించుకుపోతుందో మనస్తత్వవేత్త లిండా గాట్‌ఫ్రెడ్‌సన్ 1981లో ఒక సిద్ధాంతం చెప్పింది. పిల్లలు వృత్తుల్ని ఎంచుకోవడం కంటే ముందు కొట్టివేయడం మొదలుపెడతారని ఆమె వాదన. ఆరు నుంచి ఎనిమిదేళ్ల మధ్య ‘ఇది అబ్బాయిల పని, ఇది అమ్మాయిల పని’ అని కొన్ని పోతాయి. తొమ్మిది నుంచి పదమూడు మధ్య పరువు లెక్కలు తెలిసొస్తాయి. ఇది చిన్న పని, మనవాళ్లు చేసేది కాదు. అది మరీ పెద్దది, మనకు అందదు. అలా పైనా కిందా ఇంకొన్ని ఎగిరిపోతాయి. తనకేది ఇష్టం, తనకేది చేతనవుతుంది అన్న ఆలోచన గట్టిగా మొదలయ్యేది పద్నాలుగు దాటాకే. అప్పటికి సగం తలుపులు ఎవరూ చెప్పకుండానే మూసుకుపోయి ఉంటాయి. మూసింది తామేనన్న సంగతి కూడా పిల్లలకు గుర్తుండదు. ఈ వయసులో మనం చెయ్యగలిగిన అసలు సాయం, కొట్టేసినవాటిని మళ్లీ ఒకసారి బయటికి తీసి చూపించడం. డాక్టర్ కావాలంటున్న అమ్మాయికి ఆసుపత్రిలో ఇంకెంతమంది పనిచేస్తారో తెలుసా? స్కానింగ్ తీసేవాళ్లు, కృత్రిమ కాళ్లు తయారుచేసేవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లకు మళ్లీ మాట నేర్పేవాళ్లు, ల్యాబ్‌లో రక్తనమూనా చూసి జబ్బు పట్టేవాళ్లు. ఆ అమ్మాయిని లాగుతున్నది వైద్యమా, రోగులతో మాట్లాడడమా, జీవశాస్త్రమా, లేక డాక్టరు గారన్న గౌరవమా? ఇవి వేరువేరు సంగతులని విడమర్చి చూపితే చాలు, సగం పని అయినట్టే.

ఇక్కడ చాలామంది ఆప్టిట్యూడ్ టెస్టుల వైపు పరిగెడతారు. ఇప్పుడు వాడకంలో ఉన్న అభిరుచి పరీక్షలు చాలావాటికి మూలం మనస్తత్వవేత్త జాన్ హాలండ్ 1959లో ప్రతిపాదించిన సిద్ధాంతం. మనుషుల అభిరుచుల్నీ పనుల్నీ అది ఆరు రకాలుగా విడదీస్తుంది. అమెరికా కార్మిక శాఖ ‘ఓ-నెట్’ వెబ్‌సైట్‌లో ఇలాంటి ప్రశ్నావళి ఉచితంగానే దొరుకుతుంది. మాటలు మొదలుపెట్టడానికి ఇవి పనికొస్తాయి. తీర్పు చెప్పడానికి పనికిరావు. ఒకటి, ఇష్టానికీ చేతనవడానికీ తేడా ఉంది. రెండు, జన్మలో ఎప్పుడూ రంపం పట్టని పిల్లవాణ్ని ‘చెక్కతో వస్తువులు చెయ్యడం ఇష్టమా?’ అని అడిగితే వాడు టిక్కు పెట్టేది ఊహకు. డబ్బు తీసుకుని, మీ అబ్బాయి పుట్టిందే ఫలానా ఉద్యోగానికి అని రంగురంగుల రిపోర్టు చేతిలో పెట్టేవాళ్లను నేనైతే గుమ్మం దాకా కూడా రానివ్వను.

మరి ఊహ స్థానంలో అనుభవం ఎలా వస్తుంది? పని చేసే మనుషుల దగ్గరికి వెళ్తే వస్తుంది. బ్రిటన్‌లో 2012లో పరిశోధకుడు ఆంథొనీ మాన్ చేసిన విశ్లేషణలో, చదువుకునే రోజుల్లో నాలుగు లేదా అంతకంటే ఎక్కువసార్లు ఉద్యోగ సంస్థలవాళ్లను కలిసిన యువత, అసలు కలవనివాళ్లతో పోలిస్తే, చదువూ ఉద్యోగమూ రెండూ లేకుండా మిగిలిపోయే అవకాశం ఐదు రెట్లు తక్కువని తేలింది. ఇది జ్ఞాపకం మీద ఆధారపడ్డ సర్వే కాబట్టి కలవడం వల్లే అంతా జరిగిందని గట్టిగా చెప్పలేం. అయినా కొట్టిపారేసే తేడా కాదు. 2014లో ఇంగ్లండ్‌లో వచ్చిన గాట్స్‌బీ ప్రమాణాలు (బడుల్లో కెరీర్ సలహా ఎలా ఉండాలో చెప్పేవి) ఎనిమిదిట్లో ఇలాంటి కలయికకు, పనిచేసే చోటును స్వయంగా చూడడానికి వేరువేరుగా చోటిచ్చారు.

అయితే వేదికెక్కించి ‘నా విజయగాథ’ చెప్పిస్తే అది కలయిక కాదు. పిల్లలు ఆవులిస్తారు, వచ్చినాయన ఫొటో దిగి వెళ్లిపోతాడు. ఐదారుగురు పిల్లలు ఒకర్ని చుట్టుముట్టి ప్రశ్నలడగాలి. నిన్న పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు? ఈ పనిలో బోర్ కొట్టేది ఏది? ఈ ఉద్యోగంలోకి ఎలా వచ్చారు, మొదట అనుకున్నది ఇదేనా? నా వయసులో ఉండగా దేని గురించి అనవసరంగా టెన్షన్ పడ్డారు? నన్నడిగితే రెండో ప్రశ్న అన్నిటికన్నా విలువైనది. ప్రతి పనిలోనూ విసుగు పుట్టించే భాగం ఉంటుంది. లాయరుకు కాగితాలు, పరిశోధకుడికి చేసిందే చెయ్యడం, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు వేరేవాళ్లు రాసిన కోడ్‌లో తప్పులు వెతకడం. ఆ విసుగును ఎవరు భరించగలరో వాళ్లే ఆ పనిలో నిలబడతారు. మెరిసే భాగాన్ని ఎవరైనా ఇష్టపడతారు.

మాటల తర్వాత చేత. స్విట్జర్లాండ్‌లో తప్పనిసరి చదువు ముగిశాక దాదాపు మూడింట రెండు వంతుల మంది వృత్తి విద్య వైపు వెళ్తారు. అందులో చేరే ముందు కొన్ని రోజులపాటు ఆ పనిచోటికి వెళ్లి రుచి చూసి రావడం అక్కడ మామూలు విషయం. నచ్చకపోతే ఇంకో చోట ఇంకో పని చూస్తారు. ‘ఇది నాకు పడదు’ అని మూడు రోజుల్లో తెలియడం ఓటమి కాదు, మూడేళ్ల కోర్సు సగంలో వదిలెయ్యకుండా తప్పించిన లాభం. ఐర్లండ్ ఇంకో అడుగు ముందుకేసింది. 1974 నుంచీ అక్కడ రెండు పెద్ద పరీక్షల మధ్య ‘ట్రాన్సిషన్ ఇయర్’ అని ఒక ఏడాది ఉంది. మార్కుల హడావుడి లేకుండా పని అనుభవం, ప్రాజెక్టులు, సమాజ సేవ. ఏడాది దండగని విమర్శించేవాళ్లు అక్కడా ఉన్నారు. ఇలాంటి ఏడాది అన్ని కుటుంబాలకూ కుదిరేది కాదన్నదీ నిజమే. కానీ సెలవుల్లో ఒక వారం ఏ వర్క్‌షాపులోనో, పత్రికాఫీసులోనో, పశువైద్యుడి దగ్గరో గడపడానికి దేశం విధానం మారక్కర్లేదు.

గడువుల మాటేమిటి, ఫారంలో ఏదో ఒక గ్రూపు రాసి తీరాలి కదా అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. రాయాలి. అప్పుడు ‘జీవితాంతం ఏం చేస్తావు?’ అన్న బరువు ఆ ఫారం మీద పెట్టకుండా, ‘ఇది వదిలితే ఏ దారులు మూసుకుపోతాయి, వాటిలో మళ్లీ తెరుచుకునేవి ఏవి?’ అని చూడాలి. గణితం ఇప్పుడు వదిలేస్తే ఇంజినీరింగ్‌కే కాదు, అర్థశాస్త్రానికీ కంప్యూటర్లకీ తర్వాత తిరిగి రావడం కష్టం. ఒక భాషో, సంగీతమో, చిత్రలేఖనమో అయితే తర్వాత పట్టుకునే వీలు ఎక్కువ. తేల్చుకోలేని పిల్లలు వెనక్కి తిరిగే వీలున్న దారిని ఎంచుకుంటే సరిపోతుంది. ఖచ్చితంగా తెలిసిన పిల్లలకు ఆ అవసరం లేదు, వాళ్లను వెళ్లనివ్వండి. కృత్రిమ మేధ వస్తే ఏ ఉద్యోగం ఉంటుందో ఏది పోతుందో అన్న భయం కూడా ఇళ్లలో బాగానే తిరుగుతోంది. పదేళ్ల తర్వాతి సంగతి ధీమాగా చెప్పేవాళ్లను నమ్మి పిల్లల దారి మార్చకపోవడం మేలు.

అమ్మానాన్నలు చెయ్యగలిగినవి రెండున్నాయి, రెండూ కష్టమైనవే. మొదటిది, తమ ఉద్యోగం గురించి నిజం చెప్పడం. అనుకున్నది దొరక్క ఇందులోకి వచ్చామనో, మధ్యలో మారామనో, మొదటి రెండేళ్లు ఏడ్చామనో. కెరీర్ ఎంపికల మీద పరిశోధన చేసిన జాన్ క్రంబోల్ట్జ్, ఆయన సహచరులు 1999లో రాసిన పత్రం చెప్పేది ఇదే. కెరీర్లలో అనుకోని సంఘటనలు మామూలే, వాటిని అందిపుచ్చుకోవడానికి కుతూహలం, పట్టుదల, పట్టువిడుపు, ఆశాభావం, కొంచెం తెగువ కావాలి. తల్లి మలుపుల కథ విన్న పిల్లకు ఇది పాఠంలా చెప్పక్కర్లేదు. రెండోది డబ్బు. చదువుకు ఎంత పెట్టగలమో, ఎంత అప్పు చెయ్యగలమో, ఎంతకు మించి వల్ల కాదో ముందే చెప్పెయ్యాలి. మనసు నొప్పించకూడదని దాచి, సీటు వచ్చాక ‘మన వల్ల కాదమ్మా’ అనడం కంటే అది నయం. పదహారేళ్ల పిల్లలు అంకెలను అర్థం చేసుకోగలరు.

ఇంతా చెప్పాక మిగిలేది బడి పని. డాక్టరు గారి అబ్బాయికి ఇంట్లోనే అరడజను మంది డాక్టర్లు, ఇద్దరు లాయర్లు పరిచయం. కూలి పని చేసే తల్లి కూతురికి ఆ ఫోన్ నంబర్లు లేవు. పిల్లల్ని మీరే నలుగురి దగ్గరికి తీసుకెళ్లండి అని తల్లిదండ్రులకు చెప్పి ఊరుకుంటే, పరిచయాలున్న ఇళ్లకే ఇంకొంచెం సాయం చేసినట్టు. అమెరికాలో స్కూల్ కౌన్సెలర్ల సంఘం ఒక్కొక్కరికి 250 మంది విద్యార్థులకు మించి ఉండకూడదని సిఫారసు చేస్తుంది. ఆ నిష్పత్తి ఎక్కడైనా సాధించడం సులువు కాదు. కానీ పాత విద్యార్థుల జాబితా ప్రతి బడి దగ్గరా ఉంటుంది. వాళ్లలో ఎలక్ట్రీషియన్లు, నర్సులు, అకౌంటెంట్లు, లారీ యజమానులు ఉంటారు. నెలకొకర్ని పిలవడానికి బడ్జెట్ అక్కర్లేదు, టైంటేబుల్లో ఒక పీరియడ్, పిలిచే బాధ్యత తీసుకునే ఒక టీచరు కావాలి. ఆ పీరియడ్‌ను పరీక్షల ముందు గణితానికి ఇచ్చెయ్యకుండా హెడ్‌మాస్టరు అడ్డుపడాలి.