సొంత పార్టీ లేని ప్రధాని రొమానో ప్రోడి

1998 అక్టోబర్ 9న ఇటలీ దిగువ సభలో విశ్వాస తీర్మానంపై ఓటింగ్ జరిగింది. అనుకూలం 312, వ్యతిరేకం 313. ఒక్క ఓటుతో రొమానో ప్రోడి ప్రభుత్వం కూలిపోయింది. ఆరు నెలలకే, 1999 ఏప్రిల్ 17న, బాలయోగి స్పీకర్‌గా ఉన్న మన లోక్‌సభలో వాజ్‌పేయి ప్రభుత్వం 269-270 ఓట్లతో పడిపోవడం చూసినవాళ్లం కాబట్టి ఒక్క ఓటు విలువ మనకు విడమరిచి చెప్పనక్కర్లేదు. పోలిక మాత్రం అంతవరకే. వాజ్‌పేయి వెనుక పార్టీ ఉంది, అదే ఏడాది గెలిచి తిరిగొచ్చారు. ప్రోడికి అలాంటి పార్టీ లేదు. 1996లో, 2006లో రెండుసార్లు మితవాద నేత బెర్లుస్కోనీ కూటమిని ఓడించిన ఈ బొలోన్యా ఆర్థికశాస్త్ర ఆచార్యుణ్ణి రెండుసార్లూ దించింది ఓటర్లు కాదు, మిత్రపక్షాలు.

1996లో ఆయన ‘ఆలివ్’ కూటమికి దిగువ సభలో సొంతంగా మెజారిటీ రాలేదు. ఫౌస్తో బెర్తినొత్తి నాయకత్వంలోని కమ్యూనిస్టు పునఃస్థాపన పార్టీ బయటి నుంచి మద్దతిచ్చింది. యూరప్ ఉమ్మడి కరెన్సీ యూరోలో చేరాలంటే బడ్జెట్ లోటు జీడీపీలో 3 శాతానికి మించకూడదు. ఇటలీది అప్పటికి 7 శాతం దగ్గర ఉంది. కరెన్సీ సంక్షోభంలో 1992 సెప్టెంబర్‌లో యూరప్ మారక వ్యవస్థ (కరెన్సీల మారకపు రేట్లను ఒక పరిధిలో ఉంచే ఏర్పాటు) నుంచి తప్పుకున్న ఇటలీ కరెన్సీ లీరాను, 1996 నవంబర్‌లో జర్మన్ మార్కుకు 990 లీరాల చొప్పున మళ్లీ అందులో చేర్చారు. ఆదాయాలపై ఒక్కసారికి ‘యూరో పన్ను’ వేసి, అందులో 60 శాతం తర్వాత తిరిగి ఇచ్చారు.

అసలు ఊరట వడ్డీల నుంచి వచ్చింది. ఇటలీ అప్పు జీడీపీని మించి ఉండేది, అందుకే బడ్జెట్‌లో వడ్డీ భారం చాలా ఎక్కువ. ఇటలీ యూరోలో చేరుతుందని మార్కెట్లు నమ్మడం మొదలుపెట్టగానే వడ్డీ రేట్లు దిగాయి. రేట్లు దిగితే లోటు తగ్గింది, లోటు తగ్గేకొద్దీ ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది. ఖజానా మంత్రి చాంపీ ఈ సూత్రాన్ని బాగా ఎరిగినవాడు. 1997 లోటు 2.7 శాతానికి దిగింది. అప్పు నిబంధన ప్రకారం ఉండాల్సిన 60 శాతానికి రెట్టింపు ఉన్నా, తగ్గుముఖం పట్టిందన్న వెసులుబాటుతో 1998 మేలో ఇటలీ యూరోలో మొదట చేరే 11 దేశాల జాబితాలోకి ఎక్కింది.

మిత్రపక్షాలను అంతదాకా కట్టిపడేసింది యూరోలో చేరే గడువే. 1997 అక్టోబర్‌లో బడ్జెట్‌పై బెర్తినొత్తి ఎదురు తిరిగి, 35 గంటల పనివారం హామీ తీసుకుని వెనక్కి తగ్గారు. యూరోను చెడగొట్టిన నింద మోయడానికి అప్పుడు ఎవరూ సిద్ధంగా లేరు. మేలో చేరిక ఖాయమయ్యాక ఆ భయం పోయింది. ఐదు నెలలకే బెర్తినొత్తి మద్దతు ఉపసంహరించుకోగా ప్రభుత్వం పడిపోయింది. మన దగ్గర విప్ ధిక్కరిస్తే సభ్యత్వం పోతుంది. ఇటలీలో రాజ్యాంగం 67వ అధికరణం ప్రకారం సభ్యుడు పార్టీ ఆదేశానికి కట్టుబడి ఉండనక్కర్లేదు. సొంత పార్టీ లేని ప్రధానికి అది మరీ ప్రమాదం.

బ్రస్సెల్స్‌లో, అంటే యూరోపియన్ యూనియన్ కార్యనిర్వాహక విభాగమైన యూరోపియన్ కమిషన్‌లో, ఆయనకు ఆ చిక్కు తక్కువ. 1999 మార్చిలో జాక్ సాంటేర్ నేతృత్వంలోని కమిషన్ మొత్తంగా రాజీనామా చేశాక అధ్యక్షుడిగా వచ్చిన ప్రోడి, తాను అడిగితే తప్పుకుంటామని ఒక్కో కమిషనర్ నుంచి ముందే మాట తీసుకున్నారు. రోమ్‌లో దొరకని పట్టు అది. 2002లో యూరో నోట్లు చలామణిలోకి వచ్చినా, 2004 మే 1న యూనియన్‌లో పది కొత్త దేశాలు చేరినా ఆయన హయాంలోనే. లోటు నిబంధనల ఒప్పందాన్ని బండగా అమలు చేయడం మూర్ఖత్వమని 2002లో బాహాటంగా అన్నదీ ఆయనే. 2003లో లోటు పరిమితి దాటిన జర్మనీ, ఫ్రాన్స్‌లపై చర్యలను సభ్యదేశాల ఆర్థిక మంత్రులు ఆపేస్తే మాత్రం ఆయన కమిషన్ కోర్టుకెక్కి 2004 జులైలో గెలిచింది. నిబంధన తప్పనిపిస్తే మార్చాలి గానీ పెద్ద దేశాలకు మినహాయించకూడదు. ఆయన అక్కడ నూటికి నూరుపాళ్లు సరిగ్గా వ్యవహరించారనే నా అభిప్రాయం.

2006లో మాత్రం, సొంత పార్టీ లేకుండా మిత్రులపైనే ఆధారపడే పాత తప్పే మళ్లీ చేశారు. 281 పేజీల ఉమ్మడి కార్యక్రమం రాయించి, మిత్రులను అదే కలిపి ఉంచుతుందనుకున్నారు. దిగువ సభలో 25 వేల లోపు ఓట్ల ఆధిక్యంతోనే, గెలిచిన కూటమికి అదనంగా ఇచ్చే బోనస్ సీట్లు దక్కాయి. ఎగువ సభ సెనేట్‌లో బోనస్ ప్రాంతాలవారీగా పంచడంతో మెజారిటీ రెండు మూడు సీట్లకు పరిమితమైంది. ఇటలీలో ప్రభుత్వానికి రెండు సభల విశ్వాసమూ కావాలి. 97 ఏళ్లు దాటిన నోబెల్ శాస్త్రవేత్త రీటా లెవీ-మొంతాల్చినీ వంటి జీవితకాల సెనేటర్లు వచ్చి ఓటేస్తే గానీ గట్టెక్కని రోజులున్నాయి. 2008 జనవరిలో న్యాయ మంత్రిగా ఉన్న మస్తెల్లా చిన్న పార్టీ తప్పుకోగానే సెనేట్‌లో 156-161తో రెండో ప్రభుత్వమూ పోయింది.

2013 ఏప్రిల్ 19 ఉదయం రోమ్‌లోని కప్రానికా థియేటర్‌లో వామపక్ష-మధ్యేవాద డెమోక్రటిక్ పార్టీ ప్రతినిధులు చప్పట్లతో ప్రోడిని ఇటలీ రాష్ట్రపతి అభ్యర్థిగా ఏకగ్రీవంగా ఆమోదించారు. ఐక్యరాజ్యసమితి దూతగా ఆయన ఆ రోజు మాలిలో ఉన్నారు. మధ్యాహ్నం పార్లమెంటులో రహస్య ఓటింగ్ జరిగింది. కావలసినవి 504, వచ్చినవి 395. ఆయన కూటమి సొంత బలంలోనే 101 ఓట్లు తగ్గాయి. ఆ సాయంత్రమే ప్రోడి పోటీ నుంచి తప్పుకున్నారు.