గుర్తింపునకు నోచుకోని సౌండ్‌బార్

కాస్త కలిగిన బంధువులు పెళ్లి పందిట్లో ఎదురుపడినప్పుడు మన ముఖంలోకే చూస్తూ, మన వెనుకనున్న అరటిచెట్టును పలకరించి వెళ్లిపోవడం నెల్లూరు జిల్లాలో ఎరగని విషయమేమీ కాదు. అందుచేత మొన్న ఆదివారం వేదాయపాళెంలోని మా ఇంట్లో టీవీ గారు తమ పాదాల దగ్గరే పడుకోబెట్టిన సౌండ్‌బారును, అంటే పొడుగాటి స్పీకరు పెట్టెను, ఉద్దేశించి ‘పరికరమేదీ కనెక్ట్ కాలేదు’ అని ప్రకటించినప్పుడు నేను ఆశ్చర్యపోలేదు. తీగ ఉంది, తీగకు రెండు కొసలున్నాయి, ఆ రెండూ చెరొక రంధ్రంలో ఉన్నాయి. అయినా పెద్దవారు లేదన్నాక ఉందనడం మర్యాద కాదు.

చెవులు మందగించిన మా అత్తగారికి సీరియల్ మాటలు స్పష్టంగా వినిపించాలన్న సదుద్దేశంతో ట్రంకు రోడ్డులో కొన్న వస్తువది. ‘తగిలిస్తే చాలు సార్, అవే మాట్లాడుకుంటాయి’ అన్నాడు అమ్మిన కుర్రవాడు. మాట్లాడుకోవడానికి ముందు కుదరవలసిన సంబంధం గురించి అతను ఏమీ చెప్పలేదు.

మామూలుగా హెచ్‌డీఎంఐ తీగ బొమ్మనూ ధ్వనినీ బయటినుంచి టీవీలోకి మోసుకొస్తుంది. ఉదయగిరి జనాన్ని నెల్లూరులో దించిన బస్సు ఖాళీగా ఎందుకు పోవాలన్నట్టు, 2009లో వచ్చిన 1.4 వెర్షనులో అదే తీగ మీదుగా టీవీ ధ్వనిని వెనక్కు పంపే ఏర్పాటు చేసి, దానికి ఏఆర్‌సీ అని పేరు పెట్టారు. అయితే తిరుగు బస్సు ప్రతి ప్లాట్‌ఫారం నుంచీ బయలుదేరదు. టీవీకి మూడు రంధ్రాలుంటే సాధారణంగా ఒక్కదానికే ఆ యోగం. అది ఏదో తెలిపే అక్షరాలను నల్లటి ప్లాస్టిక్కు మీద నల్లగానే, ఆవగింజంత పరిమాణంలో, గోడవైపుకు తిప్పి అచ్చువేయడంలో తయారీదారుల వినయం కనిపిస్తుంది. నాలుగు వేళ్ల సందులోకి మా అబ్బాయి ఫోను లైటు పట్టుకోగా, నేను మా ఆవిడ పౌడరు డబ్బా అద్దాన్ని దూర్చి చూశాను. అద్దంలో అక్షరాలు తిరగబడి ఉన్నాయి, వాటి పక్కన బల్లి గుడ్డొకటి ఉంది. మా తీగ పక్క రంధ్రంలో, అంటే రావడమే తప్ప పోవడం తెలియని ప్లాట్‌ఫారంలో, కూర్చున్నదని అరగంటకు తేలింది.

మార్చాను. టీవీ గారు మళ్లీ లేదన్నారు.

సర్వీసు సెంటరుకు ఫోను చేస్తే ‘సీఈసీ ఆన్‌లో ఉందా సార్’ అని ఒక అమ్మాయి అడిగింది. ఎంపీసీ, బైపీసీ తప్ప మరొకటి చదువే కాదనుకునే మా ఊళ్లో, సివిక్సూ ఎకనామిక్సూ కామర్సూ కలిసిన సీఈసీ పేరెత్తితేనే తల్లిదండ్రులకు అన్నం సయించదు గనుక, మా టీవీ కూడా దాన్ని మూసే ఉంచిందని తెలిసి నేను తప్పుపట్టలేదు. ఈ సీఈసీ వేరు. 19 పిన్నుల తీగలో 13వ పిన్ను మీద టీవీ, బారు ఒకదాన్నొకటి పలకరించుకునే భాష అది. ఆ పలకరింపు జరగనిదే 14వ పిన్ను మీద ధ్వని బయలుదేరదు. దాన్ని అసలు పేరుతో వెతికితే మెనూలో చాలాసార్లు దొరకదు. శామ్‌సంగ్ వారింట ఎనీనెట్ ప్లస్, ఎల్‌జీ వారింట సింప్‌లింక్, సోనీ వారింట బ్రావియా సింక్: బారసాలనాడు మేనత్తలు తలో పేరూ పెట్టిన బిడ్డ అన్నమాట. మా మెనూలో అట్టడుగున తగిలిన ఆ బిడ్డను లేపి, ధ్వని పోయే దారిగా టీవీ స్పీకరుకు బదులు ఏఆర్‌సీని ఎంచి, బారుకు అర్థం కాని రకమేదైనా పోతోందేమోనన్న అనుమానంతో ధ్వని రకాన్ని పీసీఎంకు, అంటే కుదించని మామూలు ధ్వనికి, మార్చాను.

చప్పుడు లేదు. స్వర్ణాల చెరువు దగ్గర కోరికకొక రొట్టె మార్చుకునే రొట్టెల పండుగలో ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, విదేశీ రొట్టె ఉన్నాయి గాని సౌండ్‌బారు రొట్టె ఇంతవరకూ లేకపోవడం విచారకరం.

చివరకు ఆ అమ్మాయి రెండింటి ప్లగ్గులూ గోడ నుంచి పీకి ఐదు నిమిషాలు ఆగమంది. రిమోటుతో ఆర్పినంత మాత్రాన టీవీ గారు నిద్రపోరట. ఎర్ర దీపం పెట్టుకుని, పొద్దుటి తగాదాను మనసులో ఉంచుకునే కునుకు తీస్తారట. కరెంటే ఆపితే పాత పగ మరిచి, లేచి, కాళ్ల దగ్గర ఎవరున్నారని కొత్తగా విచారిస్తారు. నిజంగానే విచారించారు. తెర మూల సౌండ్‌బారు పేరు వెలిగింది.

సీరియల్లో అత్త కోడలి చెంప ఛెళ్లుమనిపించింది. కోడలు చెంప పట్టుకున్నాక చప్పుడు వినిపించింది. ఆ ఆలస్యాన్ని సరిచేసే మీట కోసం నేను మళ్లీ మెనూలోకి దిగబోతుండగా మా అత్తగారు వారించారు.

“పోనీలే నాయనా, దెబ్బ ముందు కనపడి చప్పుడు తరవాత వినపడేది నాకు అలవాటే. ముందు ఆ సౌండు తగ్గించు, తల పగిలిపోతా ఉండాది.”