పచ్చ కామెర్లు, పచ్చ కొలువులు

గ్రీన్ జాబ్ అనే మాటకు తెలుగు కనిపెట్టమని నన్నెవరూ అడగలేదు. అయినా కనిపెట్టే పనిలో ఉన్నాను. గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడిలో పుట్టి, ఒక ప్రభుత్వ ఆఫీసులో 33 ఏళ్లు గుమస్తాగా ఫైళ్లు మోసి రిటైరైనవాడికి భాష మీద ఆ మాత్రం హక్కు ఉంటుంది. 1936లో మా ఊరు ఒడిశాలోకి వెళ్లిపోయింది కాబట్టి తెలుగు ప్రభుత్వాలు మమ్మల్ని సంప్రదించవు. మేమే చొరవ తీసుకోవాలి.

మొదట 'పచ్చ కొలువు' అనుకున్నాను. చిక్కేమిటంటే మన భాషలో పచ్చ అంటే ఆకుపచ్చ ఒక్కటే కాదు, పసుపుపచ్చ కూడా. పైగా పచ్చ కామెర్లు వచ్చినవాడికి లోకమంతా పచ్చగా కనబడుతుందని సామెత ఒకటి కాచుకుని కూర్చుంది. ఆ సామెత అడ్డొస్తుందని పేరు వదిలేయబోయాను. ఈ మధ్య ఒక సదస్సుకు వెళ్లొచ్చాక, ఆ సామెత వల్లే ఈ పేరు సరిగ్గా అతుకుతుందని తేలింది.

సదస్సు ఎవరు పెట్టారో చెప్పను. భోజనం పెట్టినవాళ్లను బజారుకీడ్చడం మర్యాద కాదు. విషయం: అభివృద్ధి చెందుతున్న దేశంలో హరిత ఉపాధి కల్పన. (నా చిన్నప్పటి సాంఘిక శాస్త్రం పుస్తకంలోనూ మనం 'చెందుతున్న' దేశమే. ఇంత దీర్ఘమైన వర్తమాన కాలం మరే వ్యాకరణంలోనూ ఉండదు.) ఫొటోకి యాభై మంది లబ్ధిదారులు కావాలట. అందుకని మా వీధి చివర అడవిలో దొరికే అడ్డాకులతో విస్తళ్లు కుట్టే అప్పనీ, కొండ దిగి ఆ ఆకులు అమ్మడానికి వచ్చే సవర గిరిజన ఆడవాళ్లనీ జీపుల్లో పోగుచేసి తెచ్చారు. అప్ప అంటే మా వైపు అక్క. నాకు సొంత అప్ప కాదు, వీధి మొత్తానికి అప్పే. ఆ రోజు సంత రోజు. అంటే వాళ్లంతా ఉపాధి గురించి తెలుసుకోవడానికి ఒక రోజు ఉపాధి మానుకుని వచ్చారన్నమాట.

తెర మీద ఇంగ్లీషు. మైకులో హిందీ. పక్కన నిలబడ్డ కుర్రాడు దాన్ని ఒడియాలోకి మార్చాడు. అప్పకు ఒడియా వచ్చు గానీ ఆ ఒడియా రాదు. అందుకని నేను తెలుగులో ఆవిడ చెవిలో చెప్పాను. అప్ప తన పక్కనున్న సవరామెకు సవర భాషలో చెప్పింది. తెర మీద తక్కువ కర్బన ఆర్థిక వ్యవస్థ, న్యాయమైన పరివర్తన అంటూ బయల్దేరిన వాక్యం మైకులో కాస్త చిక్కి, కుర్రాడి దగ్గర ఇంకాస్త చిక్కి, నా దగ్గరికొచ్చేసరికి "బొగ్గు తగ్గిస్తారట, మంచి పనులు వస్తాయట" అయింది. అప్ప దాన్ని రెండు ముక్కల్లో ముగించేసింది. ఏం చెప్పావప్పా అంటే, "పనిస్తారంట అన్నాను తమ్ముడూ. అంతేనా?" అంది. అంతే.

సవరామె కాసేపు ఆలోచించి ఒక్క మాట అంది. "ఎప్పుడూ అని అడుగుతోంది" అని అప్ప నాకు చెప్పింది. నేను లేచి కుర్రాడికి ఒడియాలో చెప్పాను. కుర్రాడు వేదిక మీది సారుతో హిందీలో, "చాలా ఆసక్తిగా ఉన్నారు సార్" అన్నాడు. సారు, లాప్‌టాప్ దగ్గర కూర్చున్న అమ్మాయి వైపు వంగి ఏదో చెప్పారు. సాయంత్రం తెర మీద ఇంగ్లీషులో పడింది: స్థానిక సమాజం నుంచి అద్భుత స్పందన.

సవర భాషకు వ్యాకరణం, నిఘంటువు రాయడానికి గిడుగు వారు బతుకంతా ధారపోశారు. ఇంత పెద్ద విషయానికి సరిపోయే మాట ఆ భాషలో ఒక్కటే చాలునని ఆయన కూడా అనుకుని ఉండరు.

మధ్యాహ్నం భోజనాలు. 2022 జూలై 1 నుంచి దేశమంతటా ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, చెంచాలు నిషేధం కదా, కాబట్టి పేపర్ ప్లేట్లు. విస్తళ్లు కుట్టే యాభై మందికి పేపర్ ప్లేట్లలో వడ్డించడం వారికి సెలవిచ్చినట్టని నేను సరిపెట్టుకున్నాను. అప్ప సరిపెట్టుకోలేదు. ప్లేటు తిరగేసి చూసింది, మళ్లీ తిప్పింది, అంచు దగ్గర గోటితో గీకింది. పల్చటి ప్లాస్టిక్ పొర ఊడి చేతికొచ్చింది. "తమ్ముడూ, మన ఆకు పారేస్తే మేక తింటాది. దీన్నెవులు తింటారు?"

ఈ ప్రశ్నను నేను పైకి పంపలేదు. ఇంగ్లీషులోకి వెళ్లేసరికి మేకల నుంచి కూడా అద్భుత స్పందన అని పడుతుందేమోనని భయం.

తిన్నాక నిర్వచనం చెప్పారు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థ ఇంకొందరితో కలిసి 2008లో ఒక నివేదిక వేశాయి. దాని సారం ఏమిటంటే, ప్రకృతిని కాపాడేదో, పాడైనదాన్ని బాగుచేసేదో అయిన పని గ్రీన్ జాబ్. అక్కడితో ఆపితే అందరికీ సుఖంగా ఉండేది. ఆ పనిలో చాలినంత కూలి, భద్రత, హక్కులు కూడా ఉండాలని ఇంకో కాలు తగిలించారు. ఇక చూడండి కష్టం. అప్ప వాడేది అడవిలో మళ్లీ చిగురించే ఆకు, వెదురు పుల్ల. కరెంటు అక్కర్లేదు, చెత్త మిగలదు. మొదటి కాలు గట్టిదే, రెండోదే లేదు: కూలి గిట్టదు, పింఛను మాట ఎత్తకూడదు. బొగ్గు కరెంటు ప్లాంటులో ఇంజినీరుకు రెండో కాలు బలంగా ఉంటుంది, మొదటిది లేదు. రెండు కాళ్లూ ఉన్నవాళ్లు ఎవరా అని హాలంతా వెతికాను. ఒక్కరే కనబడ్డారు, ఈ లెక్కలు తయారుచేసిన కన్సల్టెంట్ గారు. ఆయన కాయితం కూడా వాడరట, అన్నీ తెర మీదే.

తర్వాతది లెక్కల పాఠం. ముప్పై మూడేళ్లు లెక్కలు రాసిన నాకే ఇది తెలియదు. సోలార్ ప్రాజెక్టుల్లో ఉద్యోగాలను చాలాసార్లు 'ఉద్యోగ సంవత్సరాల్లో' కొలుస్తారట. ఒక మనిషి ఒక ఏడాది చేస్తే ఒకటి. పన్నెండు మంది తలో నెల చేసి ఇంటికెళ్లినా ఒకటే. నేల మీద పరిచే పెద్ద సోలార్ పార్కుల్లో పనంతా కట్టేటప్పుడే ఉంటుంది. కట్టాక పలకలు తుడిచేవాళ్లు, కాపలావాళ్లు, కొద్దిమంది టెక్నీషియన్లు చాలు. అదే ఇళ్ల కప్పుల మీద పెడితే మెగావాట్‌కు చాలా రెట్లు ఎక్కువ మందికి పని దొరుకుతుంది. అందుకే కాబోలు 2024లో కోటి ఇళ్ల కప్పుల పథకం తెచ్చారు, 75,021 కోట్లతో. మూడు కిలోవాట్లు పెట్టించుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ. పలకలు మోయగల కప్పు మాత్రం మనదే అయ్యుండాలి. అప్పది తాటాకు కప్పు. సూర్యుడు దాని మీద కూడా ఎలాంటి వివక్షా లేకుండా కాస్తాడు, చిల్లుల్లోంచి లోపలికి కూడా వస్తాడు.

ఉద్యోగ సంవత్సరాల లెక్క నాకు తెగ నచ్చింది. ఆ లెక్కన నేనొక్కడినే ఈ దేశానికి 33 ఉద్యోగాలు ఇచ్చాను. ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. "మరి 33 పింఛన్లు ఏవీ?" అంది.

సోలార్ అంటే మా ఇంట్లో ఇంకో కథ ఉంది. మా మేనల్లుడు ఐటీఐ చదివి, సూర్యమిత్ర అనే 600 గంటల సోలార్ పని శిక్షణకు ఎంపికయ్యాడు. మూడు నెలలు బానే నేర్పారు. వైరు ఎక్కడ కలపాలి, పలక ఎటు వంచాలి, ఇన్వర్టర్ ఎందుకు మూలుగుతుంది, అన్నీ వచ్చాయి. సర్టిఫికెట్ ఇచ్చారు, నీలం టీ షర్టు కూడా. ఆరు నెలలు ఎదురుచూశాడు. మా చుట్టుపక్కల పలకలు పెట్టించుకునేవాళ్లు తక్కువ, పెట్టేవాళ్లు తమ మనుషుల్ని తామే తెచ్చుకుంటారు. "మావయ్యా, ఇంక కాదులే" అని బరంపురం వెళ్లి రైలెక్కాడు. గంజాం జిల్లా కుర్రాళ్లంతా ఎక్కడికి వెళ్తారో వీడూ అక్కడికే, సూరత్‌కు, పవర్‌లూమ్ మీదికి. నాకు దిగులేసిన మాట నిజం. తర్వాత ఒక సంగతి తట్టి ఊరట కలిగింది. సూరత్ ఉన్నది తాపీ నది ఒడ్డున. తాపీ అంటే మన ఆదిపర్వంలోని తపతి, సాక్షాత్తూ సూర్యుడి కూతురు. సూర్యమిత్రుడు స్నేహితుడి కూతురింటికి వెళ్లాడనుకుంటే సరి. శిక్షణ వృథా అయిందని ఎవరూ అనడానికి లేదు.

గ్లాస్గో వాతావరణ సదస్సులో 2021లో మన దేశం మాటిచ్చింది, 2030కి శిలాజేతర (బొగ్గు, చమురు లాంటివి కాల్చకుండా వచ్చే) విద్యుత్ సామర్థ్యం 500 గిగావాట్లు, 2070కి నికర శూన్యం (గాలిలోకి వదిలినంత కర్బనాన్నీ మళ్లీ తీసేయడం) అని. అప్పటికి మా వాడికి డెబ్బై దాటుతాయి. నికరంగా వాడి చేతిలో ఏముంటుందో తెలియదు గానీ, ఆ మాటలో రెండో సగం మాత్రం వాడికి ఇప్పటికే అమల్లోకి వచ్చింది.

గ్రీన్ హైడ్రోజన్ గురించీ, అంటే ఎండ, గాలి కరెంటుతో నీళ్లలోంచి తీసే హైడ్రోజన్ గురించీ చెప్పారు. 2023 జనవరిలో 19,744 కోట్లతో మిషన్ మంజూరైంది. 2030 కల్లా ఏటా 50 లక్షల టన్నులు, ఆరు లక్షలకు పైగా ఉద్యోగాలు. ఆలు లేదు చూలు లేదు అని నేను అనను, రావచ్చు. నా సందేహం రంగు దగ్గరే. హైడ్రోజన్‌కు రంగుండదని హైస్కూల్లో చదువుకున్నాం. కంటికి కనబడని గాలిని గ్రీన్ అంటున్నారు. ఆకును మాత్రం ఎవరూ అనడం లేదు.

మా పక్కన రాయగడ వైపు రెండు 'గిరులు' ఉన్నాయి. ఒకటి నియమగిరి. అక్కడ బాక్సైట్ తవ్వాలా వద్దా అని సుప్రీంకోర్టు 2013లో గ్రామసభల్నే తేల్చమంటే, పన్నెండుకి పన్నెండు ఊళ్లూ వద్దన్నాయి. అక్కడి గిరిజనులు డోంగ్రియా కోందులకు ఆ కొండ దేవుడు. దేవుడి సంగతి పక్కన పెట్టినా, వాగులు కాచుకుంటూ, అనాసా పసుపూ పండించుకుంటూ ఆ కొండ మీద వాళ్లు చేసే పనికి ఏం పేరు పెట్టాలో నిర్వచనం రాసినవాళ్లు చెప్పాలి. సోలార్ పలక చట్రానికి అల్యూమినియం కావాలి, అల్యూమినియానికి బాక్సైట్ కావాలి, బాక్సైట్ కొండలో ఉంది. అంటే గ్రీన్ జాబ్ కోసం గ్రీన్ జాబ్ తవ్వాలి. ఇక రెండో గిరి నీలగిరి. అది కొండ కాదు, కాయితం మిల్లులకు పనికొచ్చే చెట్టు. దాన్ని వరసగా నాటితే లెక్కల్లో పచ్చదనం కిందికి వస్తుంది. దాని ఆకుతో విస్తరి మాత్రం కుట్టలేం.

ఇవన్నీ ఆలోచించి సదస్సు చివర్లో లేచి ఒక ప్రతిపాదన పెట్టాను. కొత్త ఉద్యోగాలు పుట్టించేలోగా, ఉన్నవాటికి కూలి పెంచితే అవే గ్రీన్ జాబ్‌లు అయిపోతాయి, లేని రెండో కాలు మొలుస్తుంది, పుట్టించే ఖర్చు మిగులుతుంది అన్నాను. హాలు నిశ్శబ్దమైంది. సారు చాలా మంచి సూచన అన్నారు. మైకు వెంటనే పనిచేయడం మానేసింది.

వెళ్లేటప్పుడు అప్ప వేదిక వెనకున్న బ్యానర్ అడిగింది. తాడు విప్పడం తమకు తప్పుతుందని సంతోషంగా ఇచ్చేశారు. నిషేధం జాబితాలో 100 మైక్రాన్ల కన్నా పల్చటి ప్లాస్టిక్ బ్యానర్లు కూడా ఉన్నాయి కాబట్టి, చట్టానికి భయపడి దాన్ని దళసరిగా కొట్టించారు. వానాకాలం ముందు అప్ప తాటాకు మీద పరిచి, గాలికి లేవకుండా రాళ్లు పెట్టింది. ఇప్పుడు ఆ ఇల్లు కారదు. చూరు మీద నుంచి వీధిలోకి 'హరిత ఉపాధి' అని అక్షరాలు వేలాడుతుంటాయి.

మొన్న ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని వీధుల్లో తిరుగుతూ వచ్చాడు. ఏదో సర్వేట. ఆ అక్షరాలు చూసి ఆగాడు. ఇంటికి ఫొటో తీశాడు, ఆకుల కట్టలకు తీశాడు, మేకకు కూడా తీశాడు. నేను అరుగు మీద పేపరు చదువుతూ వింటున్నాను.

"ఇక్కడ ఎంతమంది పనిచేస్తారు?"

"నేనొక్కర్తినే బాబూ" అంది అప్ప, తలెత్తకుండా పుల్ల గుచ్చుతూ.

"ఎన్నేళ్ల నుంచి?"

"యాభై ఉంటాయేమో."

కుర్రాడు ఫోన్‌లో 50 అని కొట్టి, పక్క వీధిలోకి వెళ్లిపోయాడు.