తట్టతో కొలిచిన భద్రత

మా కాలనీ మలుపులో మొన్న రాత్రికి రాత్రి ఒక స్పీడ్ బ్రేకర్ మొలిచింది. పొద్దున్నే పాల ప్యాకెట్ కోసం స్కూటర్ మీద వెళ్తుంటే నా నడుము దాన్ని కనిపెట్టింది. మీ వీధిలోనూ ఒకటి ఉండే ఉంటుంది కాబట్టి వర్ణించను.

ఏ కట్టడానికైనా లెక్క ఉండాలి, నీతి ఉండాలి అని ఇంజినీరింగ్ కాలేజీల్లో చెబుతారు. మావాళ్ల దగ్గర రెండూ దండిగా ఉన్నాయి. రోడ్ల కొలతలు తేల్చే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అనే ఇంజినీర్ల సంస్థ వారు స్పీడ్ బ్రేకర్‌కి 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలని, 25 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఇబ్బంది లేకుండా దాటాలని రాసుకున్నారు. ముందు హెచ్చరిక బోర్డు, మీద చారల రంగు కూడా కావాలట. పాపం, వారికి మా మేస్త్రీ పరిచయం లేదు. ఆయన కొలమానం తట్ట.

ఆ రాత్రి మా కాలనీ సంఘం ప్రెసిడెంటు గారు లుంగీ ఎగగట్టి నిలబడ్డారు. "ఇంకో తట్ట వెయ్యవయ్యా." వేశాడు. "నిన్న ఆ కుర్రాడు ఎంత స్పీడుగా పోయాడో తెలుసా? ఇంకోటి వెయ్యి." వేశాడు. మిగిలిన మాలు మళ్లీ మోసుకుపోవడం దండగని అదీ పోశాడు. సెక్రటరీ గారు చెప్పు విప్పి, కాలు ఆనించి, "చీలమండ దాటింది, చాలు" అన్నారు. డిజైన్ ఆమోదం అయిపోయింది. తనిఖీకి ఒక కుక్క వచ్చి, ఎక్కి, పడుకుంది.

ఎత్తు ఎవరు లెక్కేశారని ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారిని అడిగాను. "పబ్లిక్ డిమాండ్ సార్" అన్నారు. రేపు ఫ్లైఓవర్‌కి ఇనుమెంతో కూడా పబ్లిక్‌నే అడుగుతారు కాబోలు.

అసలు తమాషా వినండి. ఇలాంటి సన్నటి దిబ్బ మీద బండి ఎంత జోరుగా పోతే లోపలివాళ్లకు కుదుపు అంత తగ్గుతుంది, టైర్లూ స్ప్రింగులూ మింగేస్తాయి. వెడల్పాటి దాని మీదైతే వేగంతోపాటు కుదుపూ పెరుగుతుంది. 1970ల్లోనే బ్రిటన్‌లో బళ్లు నడిపించి చూసి ఈ 3.7 మీటర్ల కొలత తేల్చారు. అంటే ఎవరికోసం వేశారో ఆ కుర్రాడు పెద్ద కారులో దర్జాగా ఎగిరిపోతాడు. మెల్లగా వచ్చే ఆటోలో నిండు చూలాలు కడుపు పట్టుకుంటుంది. రంగు లేదు, బోర్డు లేదు, వీధి దీపం లేదు. వానరాత్రి బండి వెనక కూర్చున్న మనిషి ఎగిరిపడి తల పగిలితే ఎవరిదయ్యా బాధ్యత? డబ్బా పెయింటు కొనలేరా? నాలుగేళ్లు చదివి, సర్కారు జీతం తింటూ, "ఇది తప్పు" అని కాగితం మీద ఒక్క ముక్క రాయడానికి చెయ్యి రాదా?

ఫిర్యాదు రాసిచ్చాను. ముందస్తు హెచ్చరిక లేదని నొక్కి రాశాను. నాలుగు రోజుల్లోనే స్పందించారు. దానికి పదడుగుల ముందు ఇంకోటి వేశారు.