గొడవలో పుట్టిన సంఘం గొడవతోనే పోతుందా?

గుంటూరు, బెజవాడ వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం తెగ తిరుగుతోంది. అందులో ఉన్నవి మూడు మాటలు: గొడవలో పుట్టిన సంఘం గొడవ చల్లారగానే పోతుంది, చీలికలన్నీ నాయకుల అహం వల్లే, రాజకీయం అంటని సంఘమే నిలుస్తుంది. వినడానికి బాగానే ఉన్నాయి.

మొదటి మాట. 1985 జూలై 17న చీరాల దగ్గరి కారంచేడులో అగ్రకుల భూస్వాములు ఆరుగురు దళితుల్ని చంపారు. మిగిలినవాళ్లు చీరాల చేరి శిబిరంలో తలదాచుకున్నారు. సెప్టెంబరు 1న దళిత మహాసభ పుట్టింది అక్కడే. ఊళ్లో కూలీ, పొలం ఆ భూస్వాముల చేతిలో ఉన్నాయి, అక్కడ సభ పెట్టే దిక్కులేదు. అందుకే పట్నం శిబిరమే ఆఫీసయింది. కేసు నడపాలంటే వకీలు కావాలి, బొజ్జా తారకం అధ్యక్షుడయ్యారు. ఊరూరా తిరిగి చెప్పే గొంతు కావాలి, పొన్నూరులో సంస్కృతం చెప్పే కత్తి పద్మారావు ప్రధాన కార్యదర్శి అయ్యారు. ఇంతకీ గొడవ చల్లారిందెప్పుడు? సుప్రీంకోర్టు తీర్పు వచ్చేసరికి 2008, అంటే 23 ఏళ్లు. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపాక, ప్రత్యేక కోర్టు ఆ ఊళ్లోనే పెట్టాలని దళితులు పట్టుబట్టి సాధించారు. 2007లో అక్కడే శిక్షలు పడ్డాయి, 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. ఇన్నేళ్లూ సాక్షి జారిపోకుండా చూసుకోవాలి, వాయిదా రోజు పోయే కూలీకి ఎవరో ఒకరు సర్దాలి. ఊరేగింపు ఆగిపోయినా ఈ పని ఆగదు.

అహం సంగతి. అది లేదని ఎవరూ అనరు, మహాసభలోనూ నాయకులు విడిపోయారు. కానీ 1994లో మాదిగ దండోరా లేచింది ఎస్సీలకున్న 15 శాతం రిజర్వేషన్‌ని ఆ కులాల మధ్య ఎలా పంచాలన్న లెక్క మీద. 1997లో ఎస్సీ కులాల్ని నాలుగు గ్రూపులు చేసి పంచిన శాతాలు ఎ 1, బి 7, సి 6, డి 1. ఈ పంపకాన్నే వర్గీకరణ అంటారు. దీన్ని 2004లో సుప్రీంకోర్టు కొట్టేసింది, వర్గీకరణ చెల్లుతుందని 2024లో అదే కోర్టు చెప్పింది. నాయకులిద్దరు చేతులు కలిపినంత మాత్రాన తేలే లెక్క కాదిది.

కమ్యూనిస్టులనే చూడండి. 1961 విజయవాడ పార్టీ మహాసభలో చీలిక అంచుదాకా వెళ్లి ఆగారు. 1964 జూలైలో తెనాలిలో వేరు సమావేశం పెట్టుకున్నారు, ఆ ఏడాదే పార్టీ రెండయింది. వాళ్ల కార్మిక సంఘం ఏఐటీయూసీ మాత్రం అప్పుడే చీలలేదు. దాన్నుంచి విడిపోయి సీపీఎం వాళ్ల సీఐటీయూ పుట్టింది 1970లో. అహమే కారణమైతే ఆ ఆరేళ్లు ఎందుకు ఆగినట్టు? ఫ్యాక్టరీ గేటు ముందు రెండు జెండాలు కనిపిస్తే లాభం యజమానికే.

మూడోది తేలిక. రాజకీయం అంటని అపార్ట్‌మెంటు సంఘం కూడా ఏడుగురు సంతకాలతో 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టరయ్యేదే. మెయింటెనెన్సు పెంపు మీద రెండు వర్గాలై, ఇద్దరు కార్యదర్శులు చెరో మినిట్స్ పుస్తకం రాస్తారు. అసలు కమిటీ ఏదో తేల్చాలంటే సెక్షన్ 23 కింద మధ్యవర్తి దగ్గరికో జిల్లా కోర్టుకో పోవాలి. అక్కడ అడిగేది సభ్యుల రిజిస్టరు, నోటీసు అందరికీ అందిందన్న రుజువు. అవి రాసిపెట్టే అలవాటే ఉండదు. ఈలోగా రెండు తీర్మానాలు చూసిన బ్యాంకు ఖాతా ఆపేస్తుంది, వాచ్‌మన్‌కి ఆ నెల జీతం అందదు.