సకినాల డబ్బల కార్బరేటర్

సంక్రాంతి ముందట హన్మకొండల ఏ ఇంటికి పోయినా మూత బిర్రుగ పట్టే స్టీలు డబ్బ ఒక్కటి గూడ ఖాళీగ దొర్కది. బియ్యప్పిండిల నువ్వులు, వాము కలిపి, బట్ట మీద చుట్లు చుట్లుగ సకినాలు పోసి, ఆరినంక నూనెల గాల్చి, మెత్తవడకుండ డబ్బలల్ల దాస్తరు. మా చిన్నమ్మకైతే ఈసారి ఇంకింత పని. చెల్లె పెండ్లైనంక ఇదే మొదటి సంక్రాంతి. కరీంనగర్‌ల వియ్యాలోళ్ల ఇంటికి సకినాలు పోవాలె. తక్కువైతే ఒక మాట, మెత్తవడితే ఇంకో మాట.

సరిగ్గ గప్పుడే మా కాకకు, పెట్రోలుల గాలి కలిపి ఇంజన్‌కు పంపే కార్బరేటర్ దొరికింది.

కాకకు 1997 మోడల్ మారుతి 800 ఉన్నది. మూడు సిలిండర్లు, 796 సీసీ. ఆ కారు పెట్రోలుతోని గాదు, కాక మొండితనంతోని నడుస్తదని చిన్నమ్మ అంటది. 2000 వచ్చేవరకు కార్లకు ఫ్యూయల్ ఇంజెక్షన్ ఎక్కింది, కార్బరేటర్లు మూలకు వడ్డయి. ఇప్పుడు మంచిది ఒక్కటి కావాల్నంటే పాత సామాన్ల కుప్పలల్ల దేవులాడాలె. బండికున్నది మంచిగనే పనిచేస్తుంది. అయినా స్పేర్ ఉండాల్నని కాక దాన్ని బేరమాడి తెచ్చి, వాకిట్ల పాత పేపర్లు పరిచి కూసున్నడు.

విప్పంగనే ఫ్లోట్ గిన్నె అడుగున గోధుమరంగు జిగురు. పెట్రోలు నిలువుండి ఆవిరైతే మిగిలేది గదే. పెట్రోలు పారే జెట్ల సన్నటి బొక్కలల్ల అది పేరుకుంటే బండి స్టార్టయితది గని స్లోల నిలువది. తమ్ముడు గుండుసూది తెచ్చి పొడువబోయిండు. కాక గుడ్లురిమిండు. “ఇత్తడి జెట్టురా అది! సూది పెడితే బొక్క పెద్దగైతది, పెట్రోలు తాగుతది. గాలితోనే కొట్టాలె.” క్లీనర్ తగిలితే రబ్బరు ఖరాబైతదని పంపు డయాఫ్రమ్, వాషర్లు ముందుగాల్నే తీసి పక్కన పెట్టిండు. కడిగిన జెట్లను దస్తీల మూటగట్టుకొని పంక్చర్ దుకాణానికి పోయి గాలి కొట్టిచ్చుకొచ్చిండు. కరెంటు బిల్లు రసీదు ఒక్కనాడన్న గింత పైలంగ పట్టుకున్న మనిషి గాదు.

అంత మంచిగనే అయితుండె, బాడీని తలకిందులు చేసిండు. యాక్సిలరేటర్ పంపు దారిల ఒక ఉక్కు గుండు ఉంటది. కొట్టిన పెట్రోలు మర్ర వెనక్కి పోకుండ ఆపుడు దాని పని. మిరియపు గింజల సగమంత ఉండదు. టిక్కుమన్నది, మాయమైంది.

కాక పాత రేడియో స్పీకర్ పగలగొట్టి, అయస్కాంతం తీసి, దారం గట్టి వాకిలంత తిప్పిండు. గుండు తప్ప అన్ని దొరికినయి. పిన్నీసులు, బీరువ తాళంచెవి, ఎన్నడో పోయిన చిన్నమ్మ కుట్టుమిషన్ సూది. సూది దొరికింది కాక టూల్ బాక్స్ కింద. “నేను ముట్టనే లేదు అంటివి గద!” అని చిన్నమ్మ అప్పటి పాత కేసంత మళ్ల తిరగదోడింది. గుండేమో ఆఖరికి కాక లుంగీ మడతల దొరికింది. అది దొరికినా లొల్లి ఆగలే.

కడుగుడు ఒక ఎత్తు, దాసుడు ఇంకో ఎత్తు. ఇప్పటి పెట్రోలుల 20 శాతం ఇథనాలే, అది తేమను గుంజుకుంటది, లోపల మిగిలితే తుప్పు పట్టిస్తది అని కాక బాడీని ఎండకు పెట్టిండు. గాలి దారిల తెరుసుకొని మూసుకునే బటర్‌ఫ్లై రేకు ఇరుసుకు మిషన్ నూనె చుక్క వేసిండు. దుమ్ము వోకుండ మూతికి బట్ట కుక్కిండు. కొత్త తువ్వాలల సుట్టి, తేమ గుంజనీకి పిడికెడు బియ్యం మూటగట్టి పక్కన పెట్టిండు. మీద ఒక చీటి. ఇంతకు మంచి డబ్బ కావాలె గద! చిన్నమ్మ సకినాలకని కడిగి బోర్లించిన డబ్బలల్ల ఒకటి లేపి, అందుల వెట్టి, మూత బిగిచ్చి సజ్జ మీదికి ఎక్కిచ్చిండు. అదే సజ్జ మీద, అదే సైజు డబ్బలు వరుసగ ఉన్నయి. ఇంకేం గావాలె?

భోగి పొద్దున తమ్ముడు డబ్బ సంచిల వెట్టుకొని కరీంనగర్ బస్సెక్కిండు. బస్సు హుజూరాబాద్ దాటిందో లేదో గని, ఇక్కడ చిన్నమ్మ పక్కింటోళ్లకు పెడదామని డబ్బ తీస్తే వియ్యాలోళ్లకని ఏరి పెట్టిన సకినాలు కనవడ్డయి. ముందుగాల నోట మాట రాలే. వచ్చినంక ఆగలే.

అక్కడి కథ చెల్లె ఫోన్‌ల చెప్పింది. వియ్యపురాలు చుట్టాలందరి ముందట మూత తీసింది. కొత్త తువ్వాల సూసి సంబురపడ్డది. బియ్యం మూట సూసి ఒడిబియ్యమనుకొని కండ్లకద్దుకున్నది. చీటి చదువుమని మరిదికిచ్చింది. ఆయన గొంతు పెద్దగజేసి చదివిండు: “పాతదే. మంచిగ కడిగిన. లోపల ఏ దోషం లేదు. తలకిందులు చెయ్యొద్దు.”

అందరు ఒక్కసారే మా చెల్లె దిక్కు మర్రి సూసిండ్రట.

చిన్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని కాక చేతికి ఫోన్ ఇచ్చింది, మాఫీ అడుగుమని. కాక గొంతు సవరించుకున్నడు. అటు దిక్కు వియ్యంకుడే మొదలువెట్టిండు. “బావా, సకినాలు రేపొచ్చినా పాయె గని, ఈ కార్బరేటర్ 800ది గద? అప్పట్ల మాకు గూడ ఉండె.”

కాక మొఖం ఎలిగింది. ఫ్లోట్ లెవల్, చోక్, ఎండకాలం బండి ఎట్ల ఆగుతుండెనో, అన్ని మాట్లాడుకున్నరు. మాఫీ ముచ్చట ఇద్దరికి యాదికి లేదు. చిన్నమ్మ పక్కకు నిలవడి కండ్లతోనే కాల్చుతున్నది.

“జెట్టు నంబరు ఎంతున్నదో సూద్దామని జర విప్పిన బావా,” అన్నడు వియ్యంకుడు.

కాక లేసి నిలవడ్డడు. “విప్పుడు విప్పిండ్రు గని, తిప్పలేదు గద?”

అటు దిక్కు మాట లేదు. ఎవలో “గా మంచం జరుపున్రి, దివాన్ కింద సూడున్రి” అని మొత్తుకునుడు వినవడ్డది.

కాక ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి చిన్నమ్మ దిక్కు మర్రిండు.

“ఏమే, రేపు పంపే సకినాల డబ్బల జర జాగుంటదా? అయస్కాంతం పెట్టాలె.”