హాజరు యాప్ బాబుగారికి దండాలు

మందస మండలం, మహేంద్రగిరి దిగువన, పూడిక తీస్తున్న చెరువు గట్టు నుంచి ఉపాధి కూలీలు రాయించుకున్న మనవి.

బాబూ, ఉపాధి పనిలో రోజుకి రెండుసార్లు మా ఫోటో తీసి హాజరు వేసే ఫోన్ యాప్ తమరు, పేరు ఎన్‌ఎంఎంఎస్. 2021లో పుట్టారు. 2023 జనవరి 1 నుంచి సామూహిక పనులన్నిటికీ తమరే మేస్త్రి. పని చెయ్యకుండా కూలి తినేవాళ్ళని పట్టుకుంటామన్నారు. సంతోషం. దొంగ మస్టర్లంటే, అదే దొంగ హాజరు పట్టీలంటే, మాకూ ఒళ్ళుమంటే.

తమరి లెక్కే మాకు బోధపడలేదు. 2025-26కి ఆంధ్రలో రోజు కూలి 307 రూపాయలు. అదీ ఊరికే రాదు. గొయ్యి పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి కొలిచి, తగ్గితే కూలీ తగ్గిస్తారు. అందుకే మే నెలలో ఎండ ముదరకముందే, ఆరింటికల్లా పార పట్టి దిగుతాం. పదిన్నరకి గొయ్యి అయిపోతుంది. కానీ మొదటి ఫోటోకీ రెండోదానికీ నాలుగు గంటల ఎడం ఉండాలంటారు. సర్వర్ కరుణించి మొదటిది పడేసరికి ఒక్కోరోజు తొమ్మిదవుతుంది. ఇంక ఒంటిగంట దాకా తవ్వడం అయిపోయినా కనపడడం అవదు. కనపడే పనికి కొలత లేదు, కాబట్టి కూలీ లేదు.

చోడంబలి క్యారేజీతో కూర్చున్న ముసలామెని మా గుంపు హాజరు చూసే మేట్ కేకేస్తుంది: "పార పట్టుకోయే మామ్మా, ఫోటో పడతాది!" పాపం ఆ పిల్లా తన సొంత ఫోనే తమరికి అప్పజెప్పింది.

కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ 2025 జులైలో రాష్ట్రాలకి రాసిన ఉత్తరం సంగతి విని మాత్రం గుండె చెరువైంది. సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారట. ఫోటోకే ఫోటో తీసి పంపిస్తున్నారట. ఫోటోలో ఆడా మగా ఎందరో, మస్టర్లో ఎందరో పొంతన లేదట. ఎండలో నిజంగా నిలబడ్డవాళ్ళం మేం, నీడలో కూర్చుని పాత ఫోటోని క్లిక్‌మనిపించినవాడు తమరి దగ్గర హాజరు! విరుగుడుగా, ఆ ఫోటోలన్నీ పంచాయతీలో మనుషులే కళ్ళతో చూసి సరిచూడాలన్నారు. మనిషి మీద నమ్మకం లేకే కదా బాబూ తమరిని తెచ్చింది?

ఇక మా మనవి. వేసవిలో మొదటి ఫోటో ఆరింటికి, రెండోది పదింటికి పుచ్చుకోండి. కుదరదంటారా, పనిచోట నీడ కల్పించాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే రాశారు. ఆ తాటాకు పందిరైనా శాంక్షన్ చేయించండి. కావలిస్తే మేమే వేసుకుంటాం, దానికీ రెండు ఫోటోలు దిగుతాం.